కూటమి నుంచి నిష్క్రమణ, ప్రపంచంతో వాణిజ్యం: బ్రిటన్ అనుభవంపై ఒక విచారణ

ఒక దేశం తాను చేరిన వాణిజ్య కూటమిని వదిలిపెడితే ఆ కూటమి దేశాలతో వ్యాపారం ఎంతో కొంత తగ్గుతుందన్న విషయాన్ని వాదోపవాదాలలో ఎవరూ పెద్దగా కాదనరు. అసలు వివాదమంతా దాని తరువాతి మెట్టు దగ్గర ఉంది. అక్కడ తగ్గినది మిగతా ప్రపంచంతో పెరిగే వ్యాపారం వల్ల పూడుతుందా, లేక పూడకపోగా ఆ రెండవ వ్యాపారం కూడా సన్నగిల్లుతుందా అన్నదే ప్రశ్న. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో బ్రిటన్ ఓటర్లలో 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్య నుంచి తప్పుకోవాలని తీర్పు చెప్పినప్పుడు, పూడుతుందన్న నమ్మకమే 'గ్లోబల్ బ్రిటన్' అన్న నినాదంగా ప్రభుత్వ విధానంలోకి ప్రవేశించింది. 2020 జనవరి 31న సభ్యత్వం ముగిసి, అదే ఏడాది డిసెంబర్ 31తో పరివర్తన గడువు కూడా తీరిపోయాక, అప్పటివరకు అంచనాల మీదనే నడిచిన ఈ వాదానికి రేవులలోను, గిడ్డంగులలోను, కస్టమ్స్ పత్రాలలోను సాక్ష్యం దొరకడం మొదలైంది.

వాణిజ్య కూటమి అన్న మాట కింద లోతులో ఎంతో తేడా ఉన్న ఏర్పాట్లు ఇమిడి ఉన్నాయి కనుక, వాటిని ముందుగా విడదీయక తప్పదు. సభ్యదేశాలు పరస్పరం సుంకాలు ఎత్తివేసుకుని, బయటి దేశాల సరుకుపై ఎవరి సుంకం వారు విధించుకునే ఏర్పాటు స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం. బయటి సరుకుపై కూడా అందరూ ఒకే సుంకం విధిస్తే అది కస్టమ్స్ యూనియన్ అవుతుంది. ఐరోపా ఆర్థిక సమాజం 1968 నాటికి ఈ దశకు చేరింది. ఇంకా లోతుకు వెళ్లి, ఒక సభ్యదేశంలో అమ్మకానికి అర్హత పొందిన వస్తువు మరే సభ్యదేశంలోనైనా మళ్లీ పరీక్ష లేకుండా అమ్ముడయ్యేలా ప్రమాణాలను ఉమ్మడి చేసుకుని, సేవలు, పెట్టుబడి, మనుషుల రాకపోకలను కూడా కలుపుకుంటే అది ఏక విపణి; ఐరోపాలో ఇది 1993లో రూపు దాల్చింది. బ్రిటన్ ఒకేసారి వీటిలో పైనున్న రెండు అంతస్తులూ దిగింది. నిష్క్రమణ ఫలితాన్ని నిర్ణయించేది వదిలివచ్చిన కూటమి ఎంత లోతైనదన్న అంశమే తప్ప నిష్క్రమణ అన్న చర్య కాదన్నది, లోతైన కూటమిలో పోగొట్టుకున్న దానిని కేవలం సుంకాలు తగ్గించే కొత్త ఒప్పందాలు భర్తీ చేయలేవన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే అభిప్రాయం.

నిష్క్రమణవాదుల పక్షాన్ని తేలికగా తీసివేయడం న్యాయం కాదు, ఎందుకంటే దానికి గట్టి సిద్ధాంత మూలం ఉంది. జేకబ్ వైనర్ 1950లో వెలువరించిన గ్రంథంలో కస్టమ్స్ యూనియన్ వల్ల రెండు విరుద్ధ ఫలితాలు కలుగుతాయని చూపాడు. దేశంలో ఖరీదుగా తయారయ్యే వస్తువు స్థానంలో చౌకగా తయారుచేసే సభ్యదేశపు వస్తువు వస్తే అది వాణిజ్య సృష్టి. బయటి ప్రపంచంలో అంతకన్నా చౌకగా దొరికే వస్తువును కాదని, సుంకం లేదన్న ఒక్క కారణంతో సభ్యదేశపు ఖరీదైన వస్తువును కొంటే అది వాణిజ్య మళ్లింపు. ఇందులో కొనే దేశానికీ నష్టమే, బయట మిగిలిపోయిన అమ్మేవాడికీ నష్టమే. 1973 జనవరి 1న బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరినప్పుడు జరిగిన దానిలో ఈ మళ్లింపు పాలు తక్కువేమీ కాదు. అప్పటివరకు బ్రిటన్ మార్కెట్‌ను నమ్ముకుని బతికిన న్యూజీలాండ్ వెన్నకు ప్రత్యేక గడువులతో, కోటాలతో తాత్కాలిక రక్షణ కల్పించవలసి వచ్చింది. 1932 ఒట్టావా ఒప్పందాల కాలంనాటి కామన్వెల్త్ సుంకపు రాయితీలు క్రమంగా అంతరించాయి. గుంటూరు ప్రాంతపు రైతులు బ్యారన్లలో క్యూరింగ్ చేసి పంపే వర్జీనియా పొగాకు బ్రిటన్‌లో దశాబ్దాలుగా అనుభవించిన రాయితీ కూడా వాటిలో ఒకటి. ఐరోపాలో కుదిరిన ఒక కూటమి నిర్ణయం కృష్ణా తీరపు పొగాకు వ్యాపారాన్ని తాకడం వైనర్ చెప్పిన మళ్లింపుకు తెలుగు నేల మీద దొరికే ఉదాహరణ.

చేరడం వల్ల మళ్లిన వాణిజ్యం వీడడం వల్ల తిరిగి వస్తుందన్నది తర్కానికి నిలిచే మాటే. కార్డిఫ్‌కు చెందిన ఆర్థికవేత్త పాట్రిక్ మిన్‌ఫర్డ్ ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకుపోయి, బ్రిటన్ ఎవరితోను ఒప్పందం కోసం ఎదురుచూడకుండా తన సుంకాలన్నిటినీ ఏకపక్షంగా రద్దు చేస్తే స్థూల దేశీయోత్పత్తి 4 శాతం పెరుగుతుందని లెక్క కట్టాడు. అయితే 1973కూ 2016కూ మధ్య పరిస్థితి మారిపోయింది. ప్రపంచవ్యాప్తంగా పారిశ్రామిక వస్తువులపై సుంకాలు తగ్గిపోయి, సరిహద్దు దగ్గర అసలు భారం ప్రమాణాల రూపంలోకి, ధ్రువపత్రాల రూపంలోకి, తనిఖీల రూపంలోకి మారింది. వీటినే సుంకేతర అవరోధాలంటారు. సుంకాన్ని ఒక దేశం తనంతట తాను ఎత్తివేయగలదు గాని, తన ప్రయోగశాల ఇచ్చిన ధ్రువపత్రాన్ని అవతలి దేశం నమ్మేలా చేయడం తన ఒక్కదాని చేతిలో ఉండే పని కాదు. మిన్‌ఫర్డ్ నమూనాకు వ్యతిరేకంగా ఇతర ఆర్థికవేత్తలు చూపిన మరో అంశం దూరం. 1962లో యాన్ టిన్‌బెర్గెన్ రెండు దేశాల మధ్య వాణిజ్యం వాటి ఆర్థిక పరిమాణాలు పెరిగేకొద్దీ పెరుగుతుందని, వాటి మధ్య దూరం పెరిగేకొద్దీ తగ్గుతుందని ప్రతిపాదించాడు. దీనికే గురుత్వాకర్షణ నమూనా అని పేరు. విమానాలు, కంటెయినర్ ఓడలు, ఇంటర్నెట్ వచ్చాక కూడా ఈ నమూనా వాస్తవానికి దగ్గరగానే నిలవడం అర్థశాస్త్రంలో అరుదైన సంగతి.

ఇక అంచనాల తప్పొప్పుల విషయానికి వస్తే, మొదటి దెబ్బ కూటమిలో కొనసాగాలన్న పక్షానికే తగిలింది. ఓటుకు ఒక నెల ముందు బ్రిటన్ ఆర్థిక మంత్రిత్వ శాఖ, నిష్క్రమణకు ఓటు పడిన వెంటనే మాంద్యం వస్తుందని, తీవ్రమైన పరిస్థితిలో రెండేళ్లకు ఉత్పత్తి 6 శాతం దాకా కుంగవచ్చని హెచ్చరించింది. పౌండు ఒక్క రోజులో డాలరుతో పోలిస్తే 8 శాతం దాకా పడిపోయింది గాని, ఆ మాంద్యం రాలేదు. ఈ తప్పిదం వల్ల ఆర్థికవేత్తలు చెప్పిన మిగతా మాటల విలువ కూడా ప్రజల దృష్టిలో తగ్గింది. నిజానికి ఆ సమయానికి వాణిజ్య నిబంధనలలో అణువంత మార్పు కూడా జరగలేదు. ఓటు పడ్డాక నాలుగున్నర ఏళ్లపాటు డోవర్ రేవు నుంచి కాలే రేవుకు లారీలు ఎప్పటిలాగే నడిచాయి. భయం వల్ల కలిగే తక్షణ కుదుపును, నిబంధనల వల్ల కలిగే దీర్ఘకాలపు అరుగుదలను వేరుచేసి చూపకపోవడం ఆ పక్షం చేసిన అసలు పొరపాటు.

నిబంధనలు మారాక సమస్య మరొకటి ఎదురైంది. నిష్క్రమణ అమలులోకి వచ్చిన 2021 కోవిడ్ మధ్యలో వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం, ఇంధన ధరలు తోడయ్యాయి, ఏ దెబ్బ దేనివల్లనో విడదీయడం కష్టమైంది. కొత్త ఎరువు పనితనం తెలియాలంటే పక్కనే ఎరువు వేయని మడిని కూడా పెంచి రెండిటి దిగుబడినీ తూచాలి. దేశం విషయంలో ఆ రెండవ మడి ఉండదు. అందువల్ల జాన్ స్ప్రింగ్‌ఫర్డ్ వంటి పరిశోధకులు, 2016కు ముందు బ్రిటన్ నడిచిన తీరునే నడిచిన ఇతర దేశాల గణాంకాలను తగు పాళ్లలో కలిపి ఒక కృత్రిమ బ్రిటన్‌ను తయారుచేసి, అసలు బ్రిటన్‌తో పోల్చారు. ఆ పాళ్లు ఎలా నిర్ణయించారన్న ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. కృత్రిమ దేశంలో అమెరికా వాటా ఎక్కువైతే, అమెరికా తన సొంత కారణాలతో సాధించిన వృద్ధి అంతా బ్రిటన్ నష్టంగా లెక్కకు వస్తుంది. అయినా వేరువేరు పద్ధతుల ఫలితాలు ఒకే దిక్కును చూపుతున్నప్పుడు, వివాదం నష్టం ఉందా లేదా అన్నదాని నుంచి నష్టం ఎంత అన్నదానికి దిగిందనే చెప్పాలి. బ్రిటన్ బడ్జెట్ అంచనాలు తయారుచేసే స్వతంత్ర సంస్థ, బడ్జెట్ బాధ్యతల కార్యాలయం, ఎగుమతులు దిగుమతులు రెండూ దీర్ఘకాలంలో 15 శాతం తక్కువగా, ఉత్పాదకత 4 శాతం తక్కువగా ఉంటాయన్న భావననే తన లెక్కలకు ఆధారం చేసుకుంది.

సగటు అంకెలు దాచిపెట్టే విషయం సరిహద్దు దగ్గరకు వెళితేనే బయటపడుతుంది. 2020 డిసెంబర్ 30న సంతకమైన వాణిజ్య సహకార ఒప్పందం ప్రకారం బ్రిటన్, ఐరోపా సమాఖ్యల మధ్య సుంకాలు లేవు, కోటాలు లేవు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా ఉదారమైన ఒప్పందం కనిపించదు. అయితే సుంకం లేని ప్రవేశం కావాలంటే ఆ వస్తువు బ్రిటన్‌లోనే తగినంత మేరకు తయారైందని రుజువు చేయాలి. వీటిని మూలదేశ నిబంధనలు అంటారు. చైనా నుంచి తెప్పించిన చొక్కాను లండన్ గిడ్డంగిలో ఉంచి ఐర్లండ్‌లోని దుకాణానికి పంపే సంస్థకు, ఆ చొక్కా బ్రిటన్ సరుకు కాదు కనుక, సున్నా సుంకం వర్తించదు. మాంసం, పాలు, చేపలు పంపే ప్రతి సరుకుకూ పశువైద్యుడు లేదా అధీకృత అధికారి సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. స్కాట్లండ్ రైతులు తరతరాలుగా ఐరోపాకు అమ్ముతూ వచ్చిన విత్తన బంగాళాదుంపల ఎగుమతి 2021 జనవరి 1తో పూర్తిగా ఆగిపోయింది. 'బి' తరగతి జలాలలో పట్టిన ఆల్చిప్పలను, ఇతర జంట చిప్పల జీవులను శుద్ధి చేయకుండా సజీవంగా పంపడం కూడా నిషేధమైంది, ఎందుకంటే సభ్యదేశాలకు వర్తించే మినహాయింపు బయటి దేశానికి లేదు. ఆ నీళ్లూ మారలేదు, ఆ జీవులూ మారలేదు, వాటిని పట్టే పడవలూ మారలేదు. వాటిని పంపే దేశపు హోదా ఒక్కటే మారింది.

ఇటువంటి ఖర్చు సరుకు విలువతో పాటు పెరిగేది కాదు. ఒక లారీ నిండా ఒకే రకం సరుకు పంపే పెద్ద కంపెనీకి ఒక ధ్రువపత్రం చాలు. ఇరవై మంది చిన్న ఉత్పత్తిదారుల జున్నును ఒకే లారీలో పంపాలంటే ఆ ఇరవై సరుకులకూ పత్రాలు కావాలి, ఒక్కదానిలో తప్పు దొర్లితే మొత్తం లారీ ఆగిపోతుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు సంస్థల స్థాయి కస్టమ్స్ దత్తాంశాన్ని పరిశీలించి 2024లో ప్రకటించిన ఫలితం ఈ తర్కానికి సరిగ్గా సరిపోతుంది. అంతకుముందు ఐరోపాకు ఎగుమతి చేస్తున్న సంస్థలలో దాదాపు 16,400, అంటే 14 శాతం, ఆ వ్యాపారమే మానుకున్నాయి. పెద్ద సంస్థల ఎగుమతులు మాత్రం పెద్దగా చెక్కుచెదరలేదు. 2022లో బ్రిటన్ మొత్తం సరుకుల ఎగుమతులు, ఐరోపాకే కాక ప్రపంచమంతటికీ కలిపి, 6.4 శాతం తగ్గాయని, ఆ విలువ 2,700 కోట్ల పౌండ్లని వారి అంచనా. పెద్ద సంస్థలే ఎగుమతుల విలువలో అధిక భాగం కనుక దేశపు మొత్తం అంకె మరీ కుప్పకూలినట్టు కనిపించదు, ఆ అంకెను చూపి 'ఏమీ జరగలేదు' అనేవారికి అవకాశం కూడా మిగులుతుంది. కాని నేటి పెద్ద ఎగుమతిదారులలో పలువురు ఒకనాటి చిన్నవారే. పొరుగు దేశానికి మొదటి సరుకు పంపి, అక్కడ తప్పులు చేసి నేర్చుకుని, ఆ తరువాత దూరదేశాలకు వెళ్లే దారి చిన్న సంస్థలకు మూసుకుపోతే, ఆ లోటు నేటి లెక్కలో కాక పదిహేనేళ్ల తరువాతి లెక్కలో కనిపిస్తుంది. ఈ నష్టాన్ని ఏ నమూనా కూడా సరిగా తూచలేకపోతున్నదన్నది గమనించదగిన విషయం.

దిగుమతుల వైపు బ్రిటన్ ప్రభుత్వం వింతైన మార్గం పట్టింది. ఐరోపా మొదటి రోజు నుంచే పూర్తి తనిఖీలు మొదలుపెట్టగా, బ్రిటన్ తన వైపు తనిఖీలను పదేపదే వాయిదా వేసి, ఆహార పదార్థాల భౌతిక తనిఖీలను 2024 ఏప్రిల్ 30న గాని ప్రారంభించలేదు. ఆంక్షలు పెడితే ధరలు పెరుగుతాయన్న భయమే ఇందుకు కారణం. అయినా 2020, 2021 సంవత్సరాలలో కొత్త సుంకేతర ఖర్చుల మూలంగా సగటు కుటుంబపు ఆహార వ్యయం మొత్తం 210 పౌండ్లు పెరిగిందని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకుల మరో అధ్యయనం తేల్చింది. దిగుమతుల భారం ఎగుమతులను కూడా తాకుతుంది. వెల్ష్ కర్మాగారంలో తయారయ్యే విమానపు రెక్కలో గాని, సండర్లాండ్‌లో తయారయ్యే కారులో గాని వాడే భాగాలు ఐరోపా నుంచి ఆలస్యంగా, ఖరీదుగా వస్తే, ఆ వస్తువును జపాన్‌కు అమ్మినా అమెరికాకు అమ్మినా దాని పోటీ శక్తి తగ్గుతుంది. నిష్క్రమణ మిగతా ప్రపంచంతో వ్యాపారాన్ని కూడా ఎందుకు తాకిందన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉంది.

సేవల విషయంలో మాత్రం దిగులు పడినవారి అంచనా తప్పింది. ప్రపంచంలో అమెరికా తరువాత అత్యధికంగా సేవలు ఎగుమతి చేసే దేశం బ్రిటన్. ఐరోపా అంతటా ఒకే అనుమతితో వ్యాపారం చేసే హక్కును లండన్ బ్యాంకులు పోగొట్టుకున్నాయి, 2021 జనవరిలోనే ఐరోపా వాటాల వ్యాపారంలో ఆమ్‌స్టర్‌డామ్ లండన్‌ను దాటిపోయింది. అయినా న్యాయ సలహా, అకౌంటింగ్, కన్సల్టింగ్, సాఫ్ట్‌వేర్ వంటి సేవల ఎగుమతులు గట్టిగా పెరిగాయి. ఇవి లారీలో ఎక్కవు, పశువైద్యుడి సంతకం కోరవు. సరిహద్దు ఖర్చు ఉన్నచోట వ్యాపారం చిక్కి, అది లేనిచోట పెరగడం ఇంతవరకు చెప్పిన వాదాన్ని కాదనకపోగా బలపరుస్తుంది.

కొత్త ఒప్పందాల లెక్క చూస్తే, ఆస్ట్రేలియాతో కుదిరి 2023 మే 31న అమలులోకి వచ్చిన ఒప్పందం వల్ల 2035 నాటికి స్థూల దేశీయోత్పత్తికి కలిగే లాభం 0.08 శాతమని బ్రిటన్ ప్రభుత్వమే అంచనా వేసింది. 2024 డిసెంబర్‌లో అమలులోకి వచ్చిన పసిఫిక్ దేశాల కూటమి సభ్యత్వపు లాభం కూడా ఆ పరిమాణానికి మించినది కాదు. భారతదేశంతో 2025 జూలై 24న సంతకమైన ఒప్పందం వీటికన్నా పెద్దది. దీర్ఘకాలంలో ఏడాదికి 480 కోట్ల పౌండ్లు, అంటే 0.13 శాతం లాభమని అంచనా. ఐరోపా సమాఖ్య 2007లో భారత్‌తో చర్చలు మొదలుపెట్టి 2013లో ఆపివేసి 2022లో గాని తిరిగి చేపట్టలేదు కనుక, బ్రిటన్ ఒంటరిగా త్వరపడగలిగిందన్న వాదం ఇక్కడ చెల్లుతుంది. స్కాచ్ విస్కీపై భారత సుంకం 150 శాతం నుంచి ముందు 75కు, పదేళ్లలో 40కి తగ్గుతుంది. భారత ఎగుమతులలో రొయ్యలపై సుంకం తొలగుతుంది. అమెరికా 2025 ఆగస్టులో భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచిన తరుణంలో భీమవరం చుట్టుపక్కల చెరువుల రైతులకు ఇది ఊరటే గాని, అమెరికా కొనేంత సరుకును బ్రిటన్ కొనగలదనుకోవడం అత్యాశ. తాత్కాలికంగా బ్రిటన్‌కు బదిలీ అయ్యే ఉద్యోగులు మూడేళ్లపాటు అక్కడి సామాజిక భద్రతా చందా చెల్లించనక్కరలేదన్న నిబంధన హైదరాబాద్ ఐటీ సంస్థలకు నేరుగా పనికివచ్చేది. ఇన్ని ఉన్నా, పైన చెప్పిన 4 శాతం ఉత్పాదకత నష్టం పక్కన 0.13 శాతాన్ని ఉంచి చూస్తే నిష్పత్తి తెలుస్తుంది. 2025లో అమెరికా ఐరోపా సరుకులపై 15 శాతం, బ్రిటన్ సరుకులపై 10 శాతం సుంకం విధించడాన్ని నిష్క్రమణవాదులు తమ విజయంగా చెప్పుకున్నారు. అది అప్పటికి నిజమైన లాభమే. ఒక అధ్యక్షుడి ఇష్టం మీద నిలిచిన లాభం.

వీడడమే నష్టమన్న సూత్రం అంతటా వర్తించదని చిలీ చరిత్ర చెబుతుంది. 1969లో ఏర్పడిన ఆండియన్ ఒప్పందాన్ని చిలీ 1976లో వదిలివేసింది. ఆ కూటమి బయటి సరుకుపై ఎత్తైన సుంకపు గోడ కట్టి, విదేశీ పెట్టుబడిపై గట్టి ఆంక్షలు పెట్టి, లోపలి పరిశ్రమలను కాపాడే ఏర్పాటు. సభ్యదేశాల మధ్య వ్యాపారం చిలీ మొత్తం వ్యాపారంలో స్వల్పభాగమే. చిలీ బయటికి వచ్చి 1979 నాటికి దాదాపు అన్ని వస్తువులపైనా ఒకే 10 శాతం సుంకానికి చేరింది, రాగితో పాటు పండ్లు, కలప, చేపలు ఎగుమతి చేసే దేశమైంది. ఆ మార్పు సైనిక నియంతృత్వం కింద, మధ్యలో 1982 ఆర్థిక పతనంతో జరిగిందన్నది మరవరాదు. అయినా వాణిజ్య దృష్టితో చూస్తే చిలీ వదిలినది ఒక గోడను. మిన్‌ఫర్డ్ సూత్రం పనిచేయగల చోటు అదే. 1982లో ఓటు వేసి 1985లో ఐరోపా సమాజాన్ని వీడిన గ్రీన్‌లాండ్ మరో రకం ఉదాహరణ. చేపల వేటపై అధికారం కోసమే అది వీడింది, వెంటనే తన జలాలలో ఐరోపా పడవలకు ప్రవేశమిచ్చి, బదులుగా చేపలకు సుంకం లేని ప్రవేశాన్ని, డబ్బును సంపాదించింది. ఎగుమతికి ఒకే వస్తువు ఉన్న దేశానికి బేరం సులువు. 2025 జనవరిలో పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక కూటమిని వీడిన మాలీ, నైజర్, బుర్కినా ఫాసోలకు సముద్రతీరమే లేదు. వాటి సరుకు పొరుగు రేవుల మీదుగానే పోవాలి కనుక, వాటి విషయంలో ప్రశ్న సుంకానిది కాక దారిది.

బ్రిటన్ సంగతి ఎక్కడికి చేరిందో 2025 మే 19న లండన్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశం చూపుతుంది. అక్కడ ఇరుపక్షాలూ ఆహార, వ్యవసాయ ఉత్పత్తులపై తనిఖీలలో అత్యధిక భాగాన్ని తొలగించే ఒప్పందానికి సూత్రప్రాయంగా అంగీకరించాయి. దానికి బదులుగా బ్రిటన్ ఆ రంగంలో ఐరోపా నిబంధనలను, వాటిలో రాబోయే మార్పులతో సహా, అనుసరించాలి. వాటి వ్యాఖ్యానంలో ఐరోపా న్యాయస్థానం మాటే చివరిది. ఐరోపా పడవలు 2038 దాకా బ్రిటన్ జలాలలో వేటాడవచ్చు. సభ్యదేశంగా ఉన్నప్పుడు ఈ నిబంధనలు రాసే బల్ల దగ్గర బ్రిటన్ మంత్రికి కుర్చీ, ఓటు ఉండేవి. కొత్త ఏర్పాటులో ముసాయిదా దశలో అభిప్రాయం చెప్పే అవకాశం ఉంది, ఓటు లేదు.